బండి ఉండే చోటు

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ రాసే మాటే అయినా ఈసారి అలవాటుకొద్దీ రాయలేదు. పక్క గదిలోకి వెళ్ళి, మధ్యాహ్నం నిద్రలో ఉన్న నీ కూతురి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి, వచ్చి రాశాను. నువ్వూ అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఓడరేవు ముద్ర అలుక్కుపోయి ఎక్కడినుంచి వేశావో తెలియలేదు. బుడంకాయ దాన్ని భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "నాన్న నల్లచుక్క దగ్గర ఉన్నారు" అని తేల్చింది. అది మాకు చాలింది.

ముందు నువ్వు అడిగిన చిన్నవాటికి జవాబులు. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు మాత్రమే గుర్తొస్తుంది. దాని ధర్మం అది. వంటింటి కుళాయి కారడం ఆగింది. ప్లంబరు రెండుసార్లు వచ్చి, చూసి, తల పంకించి వెళ్ళాడు. మూడోసారి వచ్చేసరికి మరదలే వాషరు మార్చేసి, "టీ తాగి వెళ్ళు బాబూ, ఊరికే పంపితే బాగుండదు" అంది. తాగి వెళ్ళాడు. నువ్వు పంపిన ఉన్ని టోపీ పిల్లకు కళ్ళదాకా దిగింది. ప్రస్తుతం టీ కెటిల్‌కి తొడుగుతున్నారు. కెటిల్‌కి బాగా నప్పింది.

పిల్ల గొంతు ఎందుకు బొంగురుగా ఉంది, ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి తల్లికి ఎందుకిచ్చేసింది అని అడిగావు. దానికి జవాబు కింద వస్తుంది. వచ్చేటప్పుడు కంగారు పడకు. అందరం క్షేమం అని పైన రాశాను కదా, అది మళ్ళీ ఒకసారి చదువుకుని కిందికి రా.

ఇక బండి సంగతి. నీ ఉత్తరంలో సగానికి పైగా అదే ఉంది. "నాన్నా, నా బండి పోయింది" అని బుడంకాయ ఫోనులో ఏడిస్తే బొమ్మ బండి అనుకున్నానని, సందు చివర ఉండే అంబులెన్సు అని తెలిశాక ముద్ద దిగలేదని రాశావు. "ఈ ఇంట్లో గాలి లేదు, వెలుతురు లేదు, ఇంటి ఓనరుకి మర్యాద లేదు. అయినా ఎందుకు తీసుకున్నాను? గుమ్మంలో నిలబడితే అంబులెన్సు కనపడుతుందని. ఉబ్బసం పిల్లను వదిలి ఏ ధైర్యంతో ఓడ ఎక్కాననుకున్నావు? నువ్వు కంట్రోల్ రూములో కూర్చుని ఉండగానే బండి ఎలా పోయింది అక్కా? తీయించిన ఆ మహానుభావుడెవరో కనుక్కుని రాయి. నువ్వు గట్టిగా ఒక్క మాట అంటే తిరిగి రాదా?" అన్నావు.

అన్నిటికీ జవాబు చెబుతాను. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదని నీకు తెలుసు. ఈ ఒక్కసారికి ఓపిక పట్టు.

బండి ఎందుకు కదిలిందో ముందు చెప్పాలి. మా దగ్గర ఉన్నవి ఏడు బండ్లు. ఎన్నో ఏళ్ళుగా దేని స్టాండు దానిది. కేసు వస్తే వెళ్ళడం, ఆసుపత్రిలో దించడం, మళ్ళీ వచ్చి తన చోట నిలబడటం. చూడటానికి పద్ధతిగానే ఉండేది. కానీ వంతెన అవతల బండి, దాని పక్క బండి రెండూ ఒకేసారి బయటికి వెళితే ఆ దిక్కంతా ఖాళీ. ఇవతల మాత్రం మూడు బండ్లు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఊరికే నిలబడి ఉండేవి. కిందటేడు వంతెన అవతల గిడ్డంగుల దగ్గర మూటలు మోసే మనిషికి గుండెనొప్పి వచ్చింది. ఫోను ఎత్తింది నేనే. ఇవతలినుంచి బండి పంపాను. వంతెన మీద లారీల వరస. చేరేసరికి అయిపోయింది. అతని తమ్ముడు లైను పెట్టేయకుండా, "వస్తోందా అండీ? వస్తోందా అండీ?" అని అడుగుతూనే ఉన్నాడు. వస్తోందనే చెప్పాను. అబద్ధం కాదు.

మన చిన్నప్పటి దుప్పటి గుర్తుందా? నలుగురికీ ఒకటే. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోండర్రా అనేది అమ్మ. అంచున పడుకునేదాన్ని కాబట్టి ఎవరి కాళ్ళు బయటికి వచ్చాయో చూసి లాగి కప్పడం నా పని. ఒకరికి కప్పితే ఇంకొకరి వీపు తేలేది. మళ్ళీ లేచి సర్దేదాన్ని. నువ్వు మధ్యలో పడుకునేవాడివి. నీకు చలంటే ఏమిటో ఓడ ఎక్కాకే తెలిసి ఉంటుంది. మా బండ్ల సంగతీ అంతే. దుప్పటి పొట్టిది. కాళ్ళు ముడుచుకోమని మాత్రం ఎవరికీ చెప్పలేం. కాబట్టి దుప్పటినే సర్దుతూ ఉండాలి.

ఆ సర్దడం నేర్పడానికి పై ఆఫీసునుంచి ఒకావిడ వచ్చింది. లెక్కలు చేసే మనిషి. డ్రైవర్లు రెండో రోజుకే ఆమెకు లెక్కలమ్మ అని పేరు పెట్టారు. ఆమె తెచ్చిన తెరమీద ఊరంతా మ్యాపు. బండి వేళకు చేరగలిగిన చోటంతా పచ్చగా, చేరలేని చోటు తెల్లగా ఉంటుంది. ఒక బండి కేసుకు కదిలిందంటే దాని చుట్టూ తెలుపు పడుతుంది. అప్పుడు పక్క బండి ఏ మలుపు దాకా జరిగితే ఆ తెలుపు మళ్ళీ పచ్చబడుతుందో తెర చూపిస్తుంది. బెంచీ మీద ఒకరు లేస్తే మిగతావాళ్ళు కాస్త కాస్త జరిగి కూర్చుంటారే, అలాగ. జరగమని చెప్పేది మేము.

డ్రైవర్లకు మొదట ఒళ్ళు మండింది. "పెద్దక్కా, మేం మనుషులమా, చదరంగంలో బంట్లమా? టీ గ్లాసు నోటిదాకా వస్తే చాలు, జరగమంటారు" అన్నాడు మన సందు చివరి బండి డ్రైవరు. నీకు తెలుసుగా, నిదానం. రోగిని ఎక్కించేటప్పుడు "నిదానం, నిదానం" అంటాడని ఆ పేరు. స్టీరింగు పట్టుకున్నాక ఆ మాట మరిచిపోతాడు.

లెక్కలమ్మ అక్కడే ఉంది. "బంట్లయితే ఇంత మాట్లాడవు కదండీ" అంది.

"మాట్లాడకపోతే మీరు రోజంతా తిప్పుతారుగా తల్లీ!"

ఆమె నవ్వి, అప్పుడే కేసు దించి వచ్చిన బండిని వెంటనే జరపకూడదని, మరుగుదొడ్డి లేని చోట ఎవరినీ నిలబెట్టకూడదని లెక్కలో కలిపింది. దాంతో సగం గొడవ సద్దుమణిగింది. నెల తిరిగేసరికి వంతెన అవతల తెలుపు పడటం తగ్గింది. సీట్లో కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకోబోయే ముందు నేను రోజూ ఒకటే మాట అనుకుంటాను. సరిగ్గా వినిపించేలా చూడు దేవుడా, అని. అంతకుమించి ఏమీ అడగను.

బండి మన సందు చివరినుంచి వెళ్ళిపోయింది అప్పుడే. ఊరికే ఉన్నప్పుడు అది బజారు మలుపులో నిలబడాలని తేలింది. బుడంకాయ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే బడికి వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపితే నిదానం ఎర్ర దీపం ఒకసారి వెలిగించి ఆర్పేవాడు కదా. "నా బండి ఎవరికిచ్చేశావత్తా?" అంది. ఎవరికీ ఇవ్వలేదు, అందరికీ ఇచ్చాం అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. నీకూ నచ్చదని తెలుసు.

ఇప్పుడు పిల్ల గొంతు సంగతి.

ఒక సాయంత్రం నేను డ్యూటీలో ఉన్నాను. పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి. ఆమెకో ఫోను వచ్చింది. "చిరునామా చెప్పండి" అంటోంది, మళ్ళీ "చిరునామా అండీ" అంటోంది. చివరికి నావైపు తిరిగి, "పెద్దక్కా, ఈయన 'అంబులెన్సు ఆగే చోటు' అంటున్నారు. ఏ అంబులెన్సంటే 'అదే, బండి ఉండే చోటు, ఇప్పుడు లేదు' అంటున్నారు. మ్యాపులో అలాంటిదేం లేదు" అంది.

నాకు తెలుసు అది ఎక్కడో. లైను తీసుకున్నాను.

"దర్జీ అన్నా, నేను."

సందు చివర కొట్టు దర్జీ. "అక్కా... మీ పిల్లే" అన్నాడు.

వెనకనుంచి మరదలి గొంతు వినిపిస్తోంది. మాటలు కావు, పిల్ల పేరు పదేపదే. అందరినీ అడిగినవే అడిగాను. మాట వస్తోందా? రావడంలేదు. పెదాలు ఏ రంగులో ఉన్నాయి? డొక్కలు ఎగరేస్తోందా? ఇన్‌హేలర్ ఇచ్చారా? ఇచ్చారు, పని చేయలేదు. పడుకోబెట్టకండి, ఒళ్ళో కూర్చోబెట్టండి. బండి బయల్దేరింది. బయల్దేరింది నిదానం బండే. నేను సందు పేరు చెప్పగానే రేడియోలో సైరను మోగింది.

గోడ గడియారం చూడలేదు. చూస్తే లెక్క వేస్తాను.

నిదానం బండి కదలగానే తెరమీద బజారు చుట్టూ, వంతెన ఇవతల తెలుపు పడింది. అది మన పిల్లకోసం పడిన తెలుపు. ఇంకెవరికోసం పడినా అదే తెలుపు. పాలకేంద్రం దగ్గరి బండిని వంతెన మొదట్లోకి జరగమన్నాను. జరిగింది. దర్జీ లైనులో ఉన్నాడు, నేను వింటున్నాను. సైరను మొదట రేడియోలో ఒక చెవికి, తర్వాత దర్జీ ఫోనులో రెండో చెవికి వినిపించింది. "వచ్చాడక్కా" అన్నాడు దర్జీ. వెంటనే నిదానం గొంతు, "నిదానం, నిదానం, తల ఎత్తి పట్టు తల్లీ" అని. అప్పుడు లైను పెట్టేశాను. వెంటనే ఇంకో ఫోను మోగింది. ఎత్తాను.

వంతెన మొదట్లో నిలబెట్టిన బండికి ఆ సాయంత్రం ఒక్క కేసూ రాలేదు. ఊరికే నిలబడి, ఊరికే తిరిగి వచ్చింది. మా పనిలో మంచి రోజంటే అదే.

నా బదులు వేరొకరు వచ్చాక ఆసుపత్రికి వెళ్ళాను. పిల్ల మాస్కు పెట్టుకుని కూర్చుని ఉంది. పెదాలకు రంగు తిరిగింది. నన్ను చూసి మాస్కు పక్కకు లాగి, "అత్తా, నిదానం మామ అస్సలు నిదానం కాదు" అంది. నర్సు కసిరింది. మాస్కు మళ్ళీ పెట్టుకుంది. ఆ ఆయాసంలో గొంతు రాపిడి పడింది. నువ్వు విన్న బొంగురు అదే. రెండు రోజులు ఉంచి పంపారు. డాక్టరు మందు మార్చింది. ఇప్పుడు రాత్రిళ్ళు పిల్లికూతలు లేవు. నిన్న మేడ మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కి, నన్ను ఎక్కలేనిదాన్నని వెక్కిరించింది.

ఆ సాయంత్రం మరదలు ఫోను ముట్టుకోలేదు. పిల్లను ఎత్తుకుని సందు చివరికి పరిగెత్తింది. అక్కడ బండి లేదు. నేలమీద నూనె మరక ఉంది. ఆ మరక ముందు నిలబడిపోయిందట. దర్జీ మిషను మీదనుంచి లేచి వచ్చేదాకా అలాగే నిలబడి ఉందట. ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "బండి లేదని నాకు తెలుసు వదినా. నువ్వే చెప్పావు. కాళ్ళకు తెలియలేదు" అంది.

నేను రోజంతా ఊరివాళ్ళ ఫోన్లు ఎత్తే మనిషిని. నా ఇంట్లోవాళ్ళకు ఫోను చేయడం నేర్పలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే. బండి కళ్ళెదుట ఉన్నంతకాలం మన సందులో ఎవరూ ఫోను చేయలేదురా. వెళ్ళి అద్దం మీద కొట్టేవాళ్ళు. నిదానం దిగేవాడు. అంతే.

ఇదంతా నీకు రాయొద్దని మరదలు అంది. "సముద్రం మధ్యలో ఉన్న మనిషికి ఎందుకు వదినా? వింటే ఈదుకుంటూ వస్తారా?" అంది. ఆమె మాటకు కట్టుబడి ఆగాను. నీ ఉత్తరం వచ్చాక ఇద్దరం కూర్చుని చదివాం. ఆ మహానుభావుడి మాట దగ్గర ఆమె ఆగి నా ముఖం చూసింది. అప్పటికి ఆమెకు నేను అంతా చెప్పేశాను. "రాయి వదినా. ఇక దాచితే ఆయన ఎవరిమీద కోప్పడాలో తెలియక అందరిమీదా కోప్పడతారు" అంది. నీ పెళ్ళాం నీకన్నా తెలివైనది. నిన్న మొన్న తెలిసిన సంగతి కాదనుకో.

కాబట్టి ఇదిగో జవాబు. ఆ మహానుభావుణ్ణి కనుక్కోవాల్సిన పని లేదు. ఆ మనిషి నేనే.

ఎక్కడ ఏ బండి ఉండాలో తేల్చే రోజున లెక్కలమ్మ తెరమీద చుక్కలు చూపించింది. ఎక్కడెక్కడినుంచి ఫోన్లు వచ్చాయో అక్కడ చుక్క. ఊరంతా చుక్కలు. మన సందు, దాని అటూ ఇటూ, శుభ్రంగా తుడిచినట్టుంది. "ఇక్కడ అందరూ ఆరోగ్యవంతులే అనుకుంటాను. ఇక్కడ బండి పెట్టి లాభం లేదు" అంది. గదిలో నవ్వారు. వెనకనుంచి ఎవరో, "అది పెద్దక్క ఇంటి కాపలా బండి మేడమ్" అన్నారు. ఆ పరిహాసం కొత్తది కాదు, ఏళ్ళుగా వింటున్నదే. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు గుచ్చుకుంది. మా ఆఫీసు పెద్దసారు నావైపు తిరిగి, "మీ సందు కదా, మీరేమంటారు?" అన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. నిదానం ఉండి ఉంటే చెప్పేసేవాడు. అతను బండిమీద ఉన్నాడు.

చుక్కలు ఎందుకు లేవో నాకు తెలుసు తమ్ముడూ. మా సందులో ఫోను చేయరండీ, అద్దం కొడతారు, ఆ కేసులు మీ చుక్కల్లో పడలేదు అని ఒక్క ముక్క చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే నా ఇంటికోసం చెప్పినట్టు ఉంటుందనిపించింది. "లెక్క ఎలా చెబితే అలా చేయండి" అన్నాను. పెద్దసారు మెచ్చుకోలుగా తల ఊపారు. ఇంటికి వస్తూ, దేవుడా, పక్షపాతం లేకుండా ఉంచావు అని దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఆ దణ్ణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

న్యాయంగా కనపడాలనుకుని, చెప్పాల్సిన నిజం మింగేశాను. మన పిల్ల ఒక్కతే కాదు, సందులో ఇంకా ఎంతమంది ఉన్నారు! వాళ్ళ తరఫున కూడా నోరు మూసుకున్నది నేనే. బండి అక్కడే ఉండి ఉంటే మరదలు పరుగు ఆపకముందే నిదానం తలుపు తీసి ఉండేవాడు. అది నిజం. దాన్ని తగ్గించి రాయను.

పిల్ల ఇంటికి వచ్చిన మర్నాడే వెళ్ళి లెక్కలమ్మకు చెప్పాను. పెన్ను కింద పెట్టి వింది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు పెద్దక్కా?"

"నా ఇల్లు అక్కడుంది కాబట్టి."

"అక్కడుంది కాబట్టే మీకు తెలిసింది. ఇంకెవరికి తెలుస్తుంది? నేను కిటికీలోంచి చూసి లెక్క వేసే మనిషిని. లోపలున్నవాళ్ళు చెప్పకపోతే నాకెలా?" కసిరినట్టు అనలేదు. కసిరినా బాగుండేది. పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నేనూ అడిగి ఉండాల్సింది. ఒక్క చుక్కా లేకపోతే అనుమానం రావాలి" అంది.

పెద్దసారుకు కూడా నేనే చెప్పాను, అందరి ముందరా. ఎవరూ నవ్వలేదు. తర్వాత లెక్కలమ్మ డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి అడిగింది. ఒక్క మన సందే కాదట. ప్రతి స్టాండు దగ్గరా అద్దం కొట్టేవాళ్ళు ఉన్నారు. "మా చేపల సందువాళ్ళు కొట్టరు మేడమ్, లేపి మరీ తిడతారు" అన్నాడొకడు. అవన్నీ కలిపి మళ్ళీ లెక్క వేసింది. తెర మారింది. నాలుగు బండ్లు ఉండే చోట్లు మారాయి. మనది బజారు మలుపునుంచి బడి వెనక గేటుకు జరిగింది. మన గుమ్మంలో నిలబడితే కనపడదు. రెండు మలుపులు తిరగాలి.

సందు చివరికి తిరిగి రాలేదు.

నువ్వు గట్టిగా అడగమన్నావు. అడిగితే పెద్దసారు కాదనరు. పిల్లకు ఒంట్లో బాగాలేదని అందరికీ తెలుసు. పైగా ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు కూడా. నేను అడగలేదు, అడగను. చెప్పాల్సిన నిజం చెప్పేశాను. ఇక మిగిలింది నా ఇల్లు మాత్రమే. బడి గేటు దగ్గర ఉంటే వంతెన మొదలు కూడా దానికి అందుతుంది. సందు చివర ఉంటే అందదు. అవతల ఒకడు "వస్తోందా అండీ?" అని అడుగుతుంటే నేను అబద్ధం కాని జవాబు ఒకటి చెప్పాలి. ఆ జవాబు బండి నిలబడే చోటులోనే ఉంటుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, పట్టుకోవడం మానలేదు. నేనూ నిదానమూ కలిసి సందులో ఇల్లిల్లూ తిరిగాం. బండి ఇక అక్కడ ఉండదు, అద్దం కొట్టేందుకు పరిగెత్తకండి, ఉన్నచోటినుంచే ఫోను చేయండి, 'బండి ఉండే చోటు' అనకండి, ఇంటి గుర్తు చెప్పండి అని. మూడో ఇంటి ముసలావిడ అంతా విని, "ఫోను చేస్తే ఎత్తేది నువ్వేగా? ఆ మాత్రానికి నీ తలుపే కొడతాలే" అంది. ఆమెకు ఇంకో రెండుసార్లు చెప్పాలి. మిగతా డ్రైవర్లు తమ తమ స్టాండ్ల దగ్గర చెబుతున్నారు. మరదలు ఇంట్లో ఫోను పక్కన ఒక కుర్చీ వేసింది. పిల్లకు ఆయాసం వస్తే ముందు తను ఆ కుర్చీలో కూర్చుంటుందట, కాళ్ళు పరిగెత్తకుండా.

బడి గేటునుంచి వంతెనవైపు జరిగేటప్పుడు నిదానం మన సందు ముందునుంచే వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా దీపం ఒకసారి వెలిగిస్తున్నాడు. బుడంకాయ గుమ్మంలో ఉన్నా లేకపోయినా వెలిగిస్తున్నాడు. దర్జీ చెప్పాడు.

నీకు కోపం వస్తుంది. రానీ. రావాలి కూడా. కానీ ఆ కోపం కాగితం మీద పెట్టి నాకు పంపు. మనసులో పెట్టుకుని ఇంజను గదిలోకి దిగకు. అక్కడ నీ చెయ్యి నిలకడగా ఉండాలి. మరదల్ని ఏమీ అనకు. బండి లేని ఇల్లు వద్దు, ఖాళీ చేయండి అంటావా, అది కూడా నువ్వూ ఆమే తేల్చుకోండి. నేను అడ్డు రాను. ఎక్కడికి మారినా గుమ్మంలోంచి బండి కనపడుతుందా అని మాత్రం చూడకు. ఫోను ఎత్తినవాళ్ళకు సందు గుర్తు సరిగ్గా చెప్పగలమా, అది చూడు.

ఒక్కటి మిగిలింది. బుడంకాయకు కూడా ఫోను చేయడం నేర్పాను. పాత టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఎదురుగా నేను కూర్చుని అడుగుతాను. నిన్నటి పాఠం ఇది.

"చెప్పండి, ఎవరికి బాగాలేదు?"

"నాకే."

"ఎక్కడున్నారు?"

"దర్జీ కొట్టు పక్క సందు. నీలం తలుపు. మా అత్త కూడా ఇక్కడే ఉంటుంది, ఆమె ఇప్పుడు మీ దగ్గర ఉంది."

"ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారు?"

"అమ్మ ఉంది. నాన్న లేరు. నాన్న ఓడలో ఉన్నారు."

నేను తర్వాతి ప్రశ్న అడగబోతుంటే, అది రిమోటు దించి అడిగింది. "అత్తా, నాన్నకు బాగాలేకపోతే నాన్న ఏం గుర్తు చెబుతారు? సముద్రంలో కొట్లు ఉండవు కదా?"

ఇన్నేళ్ళ డ్యూటీలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాన్నకే రాసి అడుగుతానన్నాను. పొద్దుటినుంచీ అడుగుతోంది, రాశావా అని. ఇప్పుడు రాశాను. నామీద కోపం తీరినా తీరకపోయినా, వచ్చే ఉత్తరంలో మొదట దానికి జవాబు రాయి. ఓడ ఎక్కడుందో, పక్కన ఏ గుర్తుందో, దానికి అర్థమయ్యేలా. ముద్ర మీద నమ్మకం పెట్టుకోకు. నీ చేత్తో రాయి.

వేళకు తిను. ఆ దేవుడి చెయ్యి నీమీద ఉండాలని కోరుతూ,

ఇట్లు,
నీ మంచి కోరే, నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
పెద్దక్క